వనపర్తి కోడలి పుస్తకం

వనపర్తి అనగానే కోట, పాలిటెక్నిక్, రాజావారి పేర్లు చెప్పుకుంటాం. ఆ ఇంటి కోడలు శాంతా రామేశ్వరరావు ఎంతమందికి గుర్తు? బిడ్డల్ని పెంచుతూనే కథలు రాసిన తల్లి, 1961లో హైదరాబాద్‌లో విద్యారణ్య బడి పెట్టిన టీచరమ్మ. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల స్ఫూర్తితో, పోటీ భయం లేని చదువు కోసం పుట్టిన బడి అది. నా లెక్కలో మాత్రం ఆమె పెద్ద పని 1976 నాటి ఇంగ్లీషు నవల ‘చిల్డ్రన్ ఆఫ్ గాడ్’. దళిత తల్లి కడుపుకోతను సంస్థానం కోడలు రాయడం (అది అరువు గొంతేనని వాదించొచ్చు, వాదించాలి కూడా) ఆ రోజుల్లో చిన్న సాహసమేం కాదు. ఫొటోకు దండ తర్వాత వేద్దురుగాని, ముందు ఆ నవలను వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ గ్రంథాలయాల్లో తెలుగులో దొరికేలా చూడండి.