పగడానికి అతిశయోక్తి అక్కరలేదు

చాలా రోజులుగా వ్రాయాలనుకొని, మిత్రులు నొచ్చుకుంటారేమోనని ఆగిన మాట ఇది. ఇంటి తొట్టెలో పగడాలు పెంచేవారు వాటిని ఫొటోలు తీయడానికి కెమెరా కొనబోతే, అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట “ముందు ఖరీదైన బాడీ కొనండి” అని. రెండవ మాట “రంగులదేముంది, తరువాత దిద్దుకోవచ్చును” అని. మొదటిది జేబుకు చేటు, రెండవది పగడానికే చేటు.

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాడికి పగడాలతో పనేమిటని అడుగుతారు. టెక్సాస్‌లోని మా అబ్బాయి ఇంట 90 గ్యాలన్ల ఉప్పునీటి తొట్టె ఉన్నది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా మనుమరాలితో దాని ముందే నా కాలక్షేపం. (మన దేశంలో ఆ సరదా కుదరదు. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నవి. ఉండవలసినదే.)

కిందటి మారు వెళ్ళినప్పుడు అక్రోపోరా అనే కొమ్మల పగడమొకటి పాలిపోసాగింది. పగడపు కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటవి. వెలుతురుతో ఆహారం వండి పగడానికి పెట్టేవి అవే. నీటి వేడిమి పెరిగినా, మరే బాధ కలిగినా పగడం వాటిని పోగొట్టుకొని తెల్లబడుతుంది. మా అబ్బాయి రోజూ ఫోనుతో ఫొటో తీసేవాడు, తీసి రంగులు పెంచేవాడు. చివరికి ఆ పగడం చచ్చింది. జబ్బు ఏనాడు మొదలైందో చూద్దామని ఫొటోలన్నీ ముందు పెట్టుకున్నాము. ఒకదానిలో ఊదా, ఒకదానిలో పచ్చ, ఇంకొకదానిలో నెమలికంఠపు రంగు! ఒక్కటీ నిజం చెప్పలేదు. నీటి ఉప్పదనమూ వేడిమీ వ్రాసిన పుస్తకం పక్కనే ఉన్నది, ఏ తేదీ దగ్గర తెరవాలో తెలియలేదు. మనుమరాలు “ఎందుకు చచ్చిపోయింది తాతయ్యా?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అలంకారశాస్త్రంలో అతిశయోక్తి ఉన్నది, స్వభావోక్తీ ఉన్నది. ఉన్నదానిని ఉన్నట్లే మనోహరంగా చెప్పడం స్వభావోక్తి. తరగతిలో పిల్లలకు అతిశయోక్తి ఇట్టే వచ్చేది, స్వభావోక్తికే చెమటలు పట్టేవి. కెమెరా పట్టినవారి సంగతీ అంతే. పగడపు ముక్కలు అమ్మేవారి ఫొటోలు చూడండి, ఇంద్రధనుస్సులే. ఇంటికి వచ్చేది గోధుమరంగు పుల్ల.

ఈ అబద్ధానికి మూలం దీపాలలో ఉన్నది. తొట్టె మీది ఎల్‌ఈడీలలో నీలం పాలు విపరీతం. పగడంలోని కొన్ని ప్రోటీన్లు ఆ నీలాన్ని పుచ్చుకొని పచ్చగానో ఎర్రగానో వెలుగుతవి. కంటికి అది సొంపే. కెమెరా మాత్రం తికమకపడుతుంది. చాలా కెమెరాలలో వైట్ బ్యాలెన్సు 10000 కెల్విన్ల దగ్గరే ఆగిపోతుంది, ఈ వెలుగు ఆ గీత దాటి ఉంటుంది. ఎంత ఖరీదైన బాడీ అయినా అక్కడ చతికిలబడవలసినదే. లెన్సు ముందు పెట్టే చవకైన నారింజరంగు ఫిల్టరు అంతకంటె ఎక్కువ మేలు చేస్తుంది. దీపాలలో తెలుపు పాలు పెంచి తీస్తే మరీ మంచిది.

పెద్ద సెన్సారు మసక వెలుతురులో మెరుగని వాదిస్తారు. నిజమే, కాదనను. కానీ పగడం పరుగెత్తే జింక కాదు గదా! స్టాండు మీద కెమెరా నిలిపి, నీటిని తిప్పే పంపులను కొద్ది నిమిషాలు ఆపితే, నిదానమైన షట్టరుతోనే పని జరుగుతుంది. (పంపులు మళ్ళీ వేయడం మరవకండి. మేమొకసారి మరచి చేపలను హడలగొట్టాము.)

డబ్బు పెట్టవలసినది మ్యాక్రో లెన్సు మీద. కటకమనాలని నాకూ తెలుసు, దుకాణంలో కటకమంటే చూపించరు. వస్తువును దాని అసలు కొలతలోనే సెన్సారు మీద పడవేసేది కావాలి. 60 మిల్లీమీటర్లది అద్దానికి ఆనుకొన్న పగడాలకు సరిపోతుంది. తొట్టె లోపలి వాటికి 90, 100 మేలు. అంత దగ్గరలో స్పష్టంగా కనబడే లోతు రెండు మూడు మిల్లీమీటర్లే గనుక స్టాండు తప్పదు. లెన్సు అద్దానికి నిటారుగా ఎదురుగా ఉండాలి. ఏటవాలుగా పెడితే గాజూ నీరూ కలిసి చిత్రాన్ని చెరుపుతవి. కెమెరా మీది ఫ్లాషును ఆర్పివేయండి, అద్దంలో దాని మొహమే పడుతుంది.

నా పోరు పడలేక అబ్బాయి ఒక పాత డీఎస్‌ఎల్‌ఆర్‌నూ, ఎవరో వాడి అమ్మిన 100 మిల్లీమీటర్ల మ్యాక్రోనూ కొన్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒకే వేళకు, ఒకే వెలుగులో, పక్కన చిన్న తెల్లని ప్లాస్టిక్ ముక్క నిలిపి ఒక్క ఫొటో తీస్తున్నారు. రంగులు దిద్దడం లేదు. మొన్న పంపిన దానిలో కొత్త పగడపు కొమ్మ మట్టిరంగులోనే ఉన్నది, చివర మాత్రం లేత ఊదా. అబ్బాయికి అది నచ్చలేదట. మనుమరాలు తేదీ వేసి దాచింది.