చువ్వల కట్టకున్న చీటీ మీ ఫైలుకు ఉందా?

ఎలమంచిలి దగ్గర జాతీయ రహదారి మీద ఇనుప చువ్వల కట్టలు మోసుకుపోయే లారీలను మీరు చూసే ఉంటారు. ఈసారి ఏ దుకాణం ముందైనా అలాంటి కట్ట కనిపిస్తే కాస్త దగ్గరికి వెళ్ళి చూడండి. దానికి ఒక చీటీ కట్టి ఉంటుంది. దాని మీద చువ్వ సైజు, రకం, పోత నంబరు ఉంటాయి.

ఈ పోత నంబరు దేనికి? విశాఖ ఉక్కు కర్మాగారానికి బైలదిల్లా గనుల నుంచి ఖనిజం వస్తుంది. అది కొలిమిలో కరిగి, ఉక్కుగా మారి, చివరకు చువ్వగా సాగుతుంది. ఒక విడతలో తయారైన ఉక్కుకంతటికీ ఒకే నంబరు వేస్తారు. రేపు ఒక చువ్వలో లోపం బయటపడితే, ఆ నంబరును పట్టుకుని అదే పోతలోని మిగతా చువ్వలను వెతకవచ్చు. చీటీ ఊడిపోయిందా, అది ఏ పోతలోదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు!

కంప్యూటరు ప్రోగ్రాముల సంగతీ ఇంతే. మనిషి రాసే సోర్స్ కోడ్ ఖనిజం వంటిది. దాన్నుంచి కంపైలర్ తయారుచేసే బైనరీ ఫైలు చువ్వ వంటిది. ఫోనులో వేసుకునే ఏపీకే ఫైలు, జావా జార్ ఫైలు ఈ కోవలోవే. ఇలాంటి రకరకాల ఫైళ్ళను పేరు, వర్షన్ నంబరు, వేలిముద్రలతో సహా భద్రపరిచే గిడ్డంగినే ఆర్టిఫాక్ట్ రిపాజిటరీ అంటారు.

ఫైలుకు వేలిముద్ర ఏమిటని నవ్వకండి. ఫైలులోని సమాచారమంతటి నుంచీ ఒక లెక్క ప్రకారం రాబట్టిన సంఖ్య అది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో దాని పొడవు 256 బిట్లు. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

ఇలాంటి గిడ్డంగి మన తెలుగుకూ పనికివచ్చింది. 1993లో మొదలైన డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ గిడ్డంగిలో వేలాది ప్యాకేజీలున్నాయి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు కూడా వాటిలో చేరాయి. ఎవరైనా, ఎక్కడినుంచైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు.

"సోర్స్ కోడ్ దాచుకుంటే చాలదా? కావలసినప్పుడు ఫైలును మళ్ళీ తయారుచేసుకోవచ్చు కదా!" అనేవారున్నారు. చాలదని నా అభిప్రాయం. ఈలోగా కంపైలర్ మారవచ్చు. మన ప్రోగ్రాము అరువు తెచ్చుకునే ఇతరుల ప్యాకేజీలూ మారవచ్చు. ఖనిజం ఒకటే అయినా రెండో పోత మొదటి పోత కాదు. పరీక్షించింది ఒక ఫైలు, వాడుతున్నది ఇంకొకటి అయితే ఆ పరీక్షకు విలువేముంది?

అరువు ప్యాకేజీ అసలు దొరకకుండానే పోవచ్చు. 2016 మార్చిలో అదే జరిగింది. ఎన్‌పీఎం అనే పెద్ద గిడ్డంగి నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత తీసేశాడు. అది పట్టుమని 11 వరుసల ప్రోగ్రాము! అయినా దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రోగ్రాముల తయారీ ప్రపంచమంతటా ఆగిపోయింది. కొన్ని గంటల్లో దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది. సొంత గిడ్డంగిలో నకలు దాచుకున్నవారికి ఇలాంటి బెడద ఉండదు.

2021 డిసెంబరులో లాగ్4జె అనే జావా ప్యాకేజీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. అప్పుడు అందరికీ ఎదురైన ప్రశ్న ఒక్కటే: "లోపమున్న వర్షన్ మన దగ్గర ఎక్కడెక్కడ ఉంది?" చీటీలు సరిగ్గా ఉన్నవారు చప్పున చూసుకోగలిగారు. లేనివారు ఒక్కొక్క యంత్రాన్నీ గాలించాలి. రేపు అలాంటి లోపం ఆస్పత్రి యంత్రంలోనో, రైలు సిగ్నలులోనో దొరికితే? అక్కడ ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

అన్నీ దాస్తే చోటు చాలదంటారా? ప్రయోగానికి చేసినవి పారేయండి. ఇతరులకు ఇచ్చిన ప్రతి వర్షన్‌నూ మాత్రం ఉంచండి.

ఈ అలవాటు బడిలోనే మొదలు కావాలి. "ఫైనల్", "ఫైనల్-2", "అసలు ఫైనల్" అని పేర్లు పెట్టి పెన్‌డ్రైవుల్లో చెదరగొట్టకండి. మీ కంప్యూటరు గదిలో ఒక ఫోల్డరు కేటాయించండి. ప్రతి ఫైలుకూ పేరు, వర్షన్, తేదీ, వేలిముద్ర ఒక పట్టీలో రాయండి. ఒకసారి నంబరు వేసిన ఫైలును మళ్ళీ ముట్టుకోకండి. మార్పు చేస్తే కొత్త నంబరు వేయండి. ఇందుకు డబ్బు అక్కర్లేదు, శ్రద్ధ ఉంటే చాలు. మీ తరువాతి తరగతివారు ఆ ఫోల్డరు తెరిచినప్పుడు, ఏది ఏమిటో ఎవరినీ అడగకుండానే తెలుసుకోగలగాలి.