పట్టా చూడనిదే పైసా ఇవ్వకండి



ముప్పై ఏళ్లు దూది దుమ్ము పీల్చి, రాత్రి షిఫ్టులు చేసి, చివరికి చేతికొచ్చిన పి.ఎఫ్., గ్రాట్యుటీ డబ్బుతో ఇంత ఇంటిస్థలం కొనుక్కోవాలనుకోవడం న్యాయమైన కోరికే. ఆ డబ్బు ఎప్పుడొస్తుందో మనకంటే ముందు బ్రోకరుకు తెలుస్తోంది. సెమిలిగుడ చుట్టుపక్కల చవకగా స్థలం ఉందనీ, స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుంటే చాలనీ మన ఇళ్లకే వచ్చి చెబుతున్నాడు. అటువంటి కాగితాలు పట్టుకుని యూనియన్ ఆఫీసుకు వస్తున్న వారిని చూసే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు. ఇక్కడ ఆదివాసీ భూమికి రక్షణ నిన్న మొన్నటిది కాదు. ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడే 1917లో ఏజెన్సీ భూబదిలీ చట్టం వచ్చింది. తరువాత ఒడిశా ప్రభుత్వం 1956లో రెండవ నంబరు రెగ్యులేషన్ తెచ్చింది. మొదట్లో అధికారి అనుమతితో అమ్ముకునే వీలుండేది. 2002లో అమలులోకి వచ్చిన సవరణతో ఆ దారీ మూసుకుపోయింది. ఆదివాసీ భూమిని ఆదివాసేతరుడు కొంటే ఆ అమ్మకం చెల్లదు. 2023 నవంబరులో ఈ నిషేధాన్ని సడలించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినా, వ్యతిరేకత రావడంతో వెనక్కు తగ్గింది.

బ్రోకరు దగ్గర అన్నిటికీ జవాబులుంటాయి. పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తానంటాడు. దానివల్ల హక్కు సంక్రమించదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. పన్నెండేళ్లు అనుభవిస్తే మీదే అంటాడు. ఈ రెగ్యులేషన్ కిందకు వచ్చే ఆదివాసీ భూమి విషయంలో ఆ మాట చెల్లదని 2004లో అదే కోర్టు చెప్పింది. తెలిసిన ఆదివాసీ పేరున కొనమంటాడు. అది బినామీ వ్యవహారం. డబ్బు పెట్టినవాడు రేపు ఆ భూమి నాదని కోర్టుకు వెళ్లలేడు, పైగా జైలు భయం.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే తహసీలు ఆఫీసు నుంచి పట్టా నకలు తీయించండి. అందులో యజమాని పేరు, జాతి, భూమి రకం రాసి ఉంటాయి. పట్టా ఒడియాలో ఉంటుంది. చదవడం రాకపోతే మీరు నమ్మిన మనిషి చేత చదివించుకోండి, బ్రోకరు చేత మాత్రం కాదు. అమ్మేవాడు ఆదివాసీ కాకపోతే సరిపోదు, అతనికి ఆ భూమి ఎవరి నుంచి వచ్చిందో అడగండి. 1956 తరువాత ఆదివాసీ చేతి నుంచి అనుమతి లేకుండా మారిన భూమి అయితే ఆ గొడవ మీ మెడకే చుట్టుకుంటుంది. ఇ.సి. తీయించి తాకట్టు ఉందేమో చూడండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అమ్మకం దస్తావేజు రిజిస్టరు చేయించి, ఆపైన తహసీలులో మీ పేరు ఎక్కించుకోండి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ చట్టం మనకు అడ్డమని గొణుగుతున్నవారు మనలోనూ ఉన్నారు. కార్మికుడికి గ్రాట్యుటీ చట్టం ఎందుకో, పరజాకు, గదబకు ఈ చట్టం అందుకే. అవసరంలో ఉన్నవాడి దగ్గర ఉన్న ఒక్క ఆధారాన్ని బలవంతుడు చవకగా లాక్కోకుండా ఉండడానికి. దొంగ అమ్మకంలో ఆదివాసీకి పొలం పోతుంది, మనకు జీవితకాలపు కూడబెట్టు పోతుంది. రెండువైపులా కమీషను తిన్నవాడు మాత్రం హాయిగా ఉంటాడు. ఇద్దరు పేదలను ఎదురెదురుగా నిలబెట్టే ఆ బేరంలో మన వేలిముద్ర ఉండకూడదు.

స్థలం కొనాలనుకున్నవారు కాగితాలు తీసుకుని ముందు యూనియన్ ఆఫీసుకు రండి. డబ్బిచ్చాక వస్తే మేము చేయగలిగింది తక్కువ. ఇవ్వకముందు వస్తే చాలా ఉంది.