శాలువయు జీతమును

గడచిన అక్టోబరు 2వ తేదీని మా పట్టణపు పురపాలక సంఘమువారు ఒక సభ చేసిరి. పారిశుద్ధ్యపు పని చేయు స్త్రీలను పండ్రెండుగురిని వేదికపై వరుసగా కూర్చుండబెట్టి, అధ్యక్షులవారు స్వహస్తములతో శాలువలు కప్పిరి. ఛాయాచిత్రములు తీసిరి. సంఘసేవనుగూర్చి ముగ్గురు పెద్దలు ఉపన్యసించిరి. మేమును ముందువరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టితిమి. మరునాడు బడిలో ఆరవ తరగతి బాలునొకనిని నోటుపుస్తకము ఏల తేలేదని యడుగగా, అమ్మకు మూడు నెలలనుండి జీతము రాలేదని వాడు తల వంచుకొని చెప్పెను. ఆ తల్లి నిన్నటి పండ్రెండుగురిలో ఒకతె. సాయంకాలము ఆమె వీధిలో కనబడగా సంకోచించుచునే ఆ మాట కదపితిమి. "శాలువా చూపిస్తే బియ్యం కొట్టువాడు అరువివ్వడు గదా, అయ్యవారూ!" అని ఆమె నవ్వినది. కోపగించియున్నచో మాకింత బాధ కలిగియుండదు.

సామాజిక బాధ్యత యను మాట నేడు ప్రతి పురపాలక సంఘపు గోడమీదను కనబడుచున్నది. మొక్కలు నాటుట, వైద్యశిబిరములు నడపుట, చలికాలమున కంబళ్లు పంచుట, ఊరి మొగదల స్వాగతద్వారము కట్టుట, ఇవన్నియు ఆ పేరనే జరుగుచున్నవి. వీనిని మేము నిందింపము. మా యభ్యంతరమెల్ల వీని వరుసనుగూర్చియే. మనుస్మృతితో మాకు అనేక విషయములందు వివాదము కలదు. ఈ వ్యాసమున చెప్పబోవు దురాచారమునకు అట్టి గ్రంథములిచ్చిన బలము తక్కువది కాదు. అయినను, తనవారు దుఃఖపడుచుండగా పరులకు దానము చేయుట ధర్మమువలె తోచు అధర్మమని ఆ గ్రంథమే యొప్పుకొన్నది. జీతము బాకీపడిన సంఘమువారు కంబళ్లు పంచుట ఏ కోవలోనికి వచ్చునో చదువరులే చెప్పవలెను.

స్థానిక స్వపరిపాలనమునుగూర్చి 1882లో రిప్పను ప్రభువు తీర్మానము చేసినపుడు, అది ప్రజలకు రాజకీయ విద్య నేర్పు పాఠశాల కావలెనని ఆశించెను. ఆ బడికి మన రాజ్యాంగమున పక్కా పునాది పడినది 74వ సవరణతో. అది 1993 జూను 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. దానితో చేరిన పండ్రెండవ షెడ్యూలున పట్టణసంస్థలకు అప్పగింపదగిన విధులు 18 కలవు. ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము అందొకటి. దుర్బలవర్గముల హితమును కాపాడుట మరియొకటి. మన కౌన్సిలర్లు ఈ రెంటిని వేరువేరు కాగితములమీద చూచుచున్నారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బజారునకు వచ్చి చూచినచో, ఆ రెండు విధులును ఒకే మనిషియందు, ఒకే చీపురు పట్టుకొని నిలిచియుండుట కనబడును.

"వారు మా ఉద్యోగులు కారు, కంట్రాక్టరు మనుషులు" అని మాకొక కౌన్సిలరుగారు బదులు చెప్పిరి. ఈ మాట వినుటకు చట్టసమ్మతముగా నున్నది గాని, చట్టమే దీనిని త్రోసివేయుచున్నది. కంట్రాక్టరు కూలి చెల్లింపకున్నచో, పని చేయించుకొన్న అసలు యజమానియే దానిని చెల్లించి, పిదప అతనియొద్ద రాబట్టుకొనవలెనని 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టమే విధించినది. తరువాత వచ్చిన కార్మికస్మృతి కూడ ఈ న్యాయమును విడువలేదు. వీధి పట్టణమువారిది, చెత్తబండి పట్టణమువారిది, శాలువ కప్పినపుడు ఆ స్త్రీలును పట్టణమువారే. జీతపుదినము వచ్చుసరికి మాత్రము కంట్రాక్టరువారా?

జీతముమాట ఇట్లుండగా, ప్రాణముమాట యింతకంటె ఘోరముగా నున్నది. మురుగుగోతులలో పుట్టు హైడ్రొజన్‌ సల్ఫైడను విషవాయువునకు ఒక క్రూరగుణము కలదు: అది అధికమైనపుడు ముక్కునకు వాసన తెలియు శక్తినే చంపివేయును. దిగినవాడు ప్రమాదము తొలగినదనుకొని యింకొక మెట్టు దిగును. వానిని తీయబోయిన అన్నయో తమ్ముడో వానివెనుకనే పోవును. పత్రికలలో ఇట్టి వార్తలు తరచుగా ఇద్దరు ముగ్గురు చనిపోయినట్లు వచ్చుటకు కారణమిదియే.

దీనిని నిషేధించుటకు శాసనములు లేకపోలేదు. చేతులతో మలమెత్తించుట 1993 చట్టముచే నిషిద్ధమైనది. 2013 చట్టము ఇంకను ముందుకు పోయి, రక్షణసాధనములు లేకుండ మనిషిని మురుగుకాలువలోనికిగాని సెప్టిక్‌ ట్యాంకులోనికిగాని దింపుట నేరమని చెప్పినది. మొదటి తప్పునకే రెండేండ్లవరకు ఖైదు, రెండు లక్షలవరకు జుల్మానా. యంత్రసాధనములు వాడవలసిన భారమును స్థానికసంస్థలపైననే ఉంచినది. 1993 మొదలు మురుగుగోతులలో మరణించిన ప్రతివాని కుటుంబమునకు 10 లక్షలు చెల్లింపవలెనని సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఆదేశించెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును 30 లక్షలు చేసెను. పరిహారము హెచ్చినందుకు మేము సంతోషింపవలసినదే. కాని తొమ్మిదేండ్ల పిమ్మటను న్యాయస్థానమునకు శవముల లెక్కనే చూడవలసివచ్చెనన్న సంగతి తలచినపుడు సంతోషము గొంతు దిగకున్నది.

యంత్రములు కొనుటకు ధనము లేదందురు. 2017లో హైదరాబాదు జలమండలివారు ఇరుకుసందులలోనికి పోగల చిన్న జెట్టింగు యంత్రములను 70 ప్రవేశపెట్టి, వానిని నడపు వ్యాపారమును దళిత యువకుల చేతికిచ్చిరి. కేరళమున కొందరు యువ ఇంజనీర్లు గోతిలోనికి మనిషికి బదులుగా దిగు మరయంత్రమునే నిర్మించిరి. మహానగరములమాట వేరనవచ్చును. చిన్న పట్టణములు రెండు మూడు కలిసి ఒక యంత్రము నుంచుకొనరాదని ఏ చట్టమున నున్నది? స్వాగతద్వారములకు మాత్రము పొరుగు పట్టణముల సాయము లేకయే ధనము దొరకుచున్నది గదా!

ఇంతవరకు సంఘమువారిని దూషించితిమి. ఇక మా సంగతి. నాలుగేండ్లక్రింద మా యింటి సెప్టిక్‌ ట్యాంకు నిండినది. ట్యాంకరు గొట్టమునకు అడుగుమడ్డి రాలేదు. బండితో వచ్చిన యువకుడు చొక్కా విప్పి, నడుమునకు త్రాడు కట్టుకొని లోనికి దిగెను. మేము తలుపువెనుక ముక్కునకు ఉత్తరీయము అడ్డము పెట్టుకొని నిలిచియుంటిమి. అతడు పైకి వచ్చిన తరువాత రెండువందలు తగ్గింపుమని బేరమాడితిమి. త్రాగుటకు నీరడుగగా, మా యింట ప్లాస్టిక్‌ సీసాలో పోసి యిచ్చి, సీసా తిరిగి యీయనక్కరలేదని చెప్పిరి. అది ఔదార్యమని మేమప్పుడనుకొంటిమి! అస్పృశ్యతను రాజ్యాంగపు 17వ అధికరణము రద్దు చేసిన పిదప అది మన యిండ్లలో సీసారూపమున నిలిచినదని మాకు చాలనాళ్లకుగాని స్ఫురింపలేదు. అతడు బ్రతికి పైకి వచ్చుట మా పుణ్యము కాదు. 2013 చట్టము స్థానికసంస్థతోపాటు ఏ వ్యక్తియు అట్లు దింపరాదన్నది గావున, ఆ దినమున మేము గృహస్థులమును ఉపాధ్యాయులమును మాత్రమే కాము, అపరాధులమును గూడ.

ఈ పని చేయువారందరును ఇంచుమించుగా కొన్ని కులములనుండియే ఏల వచ్చుచున్నారో అడుగుటకు మనము జంకుచున్నాము. కోలారు బంగారు గనుల పట్టణమున ఈ వృత్తి చేసిన కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్‌ గారు ఆ ప్రశ్ననే జీవితకార్యముగా చేసికొనిరి. 2016లో రామన్‌ మెగసెసే పురస్కారము నందిరి. మనము ఆ పురస్కారమునకు గర్వించితిమి. ప్రశ్న అట్లే యున్నది.

గృహలక్ష్ములారా, పన్ను కట్టు పెద్దలారా! రోడ్డుమీద గుంత పడిన మన మందరమును కమిషనరుగారికి అర్జీ పంపుదుము. ఊడ్చు మనిషికి జీతము రానప్పుడు ఒక్కరమైనను పంపితిమా? పంపినచో కాదనుట సంఘమువారికి అంత సులభము కాదు. జీతము చెల్లించిన తేదీని నెలనెలయు కార్యాలయపు గోడమీద అంటింపుడని అడుగుటకు మనకు ఏ పదవియు అక్కరలేదు. చేతితొడుగులు, బూట్లు ఎందరికిచ్చిరో, ఏ వార్డున మనిషి గోతిలోనికి దిగెనో చెప్పుమని అడుగుటకును అంతే. కొందరు మిత్రులతో కలిసి మేమట్టి అర్జీ యొకటి వ్రాసితిమి. పదునేడుగురు చేవ్రాలు చేసిరి. ఇంటిపన్ను మూడేండ్లనుండి బాకీయున్న ఒక ప్లీడరుగారు మాత్రము, తాను సంతకము చేసిన బాకీసంగతి బయటపడునని నిజము చెప్పి తప్పుకొనిరి. ఆయన సత్యసంధతకు మెచ్చితిమి.

ఈ సంవత్సరపు అక్టోబరు సభకు ఆహ్వానపత్రము మొన్న మా యింటికి వచ్చినది. ఈసారి ఇరువదిమందికి సన్మానమట. పత్రము వెనుకవైపున, ఆ యిరువదిమందికిని సెప్టెంబరు జీతము ఏ తేదీని చెల్లింతురో తెలియజేయ కోరుచున్నామని వ్రాసి, తెచ్చిన జవాను చేతనే తిరిగి పంపితిమి. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.