బాటరీలో మసి

పెన్సిలులోని నల్లని ములుకూ, దీపపు మసీ, ఉంగరంలోని వజ్రమూ కర్బనం ఎత్తిన వేషాలేనని బడిపిల్లలకు కూడా తెలుసు. మన సెల్‌ఫోనులోని బాటరీకి కూడా ఆ కర్బనమే ఆధారమని ఎందరికి తెలుసు?

లిథియం బాటరీలో రెండు ధ్రువాలుంటాయి. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ధనధ్రువాన్ని విడిచి ఋణధ్రువంలో చేరతాయి. ఫోను వాడుతుంటే తిరిగి పుట్టిల్లు చేరతాయి. తొలి రోజులలో ఋణధ్రువంగా లిథియం లోహాన్నే వాడారు. ఛార్జి చేసినకొద్దీ దానిమీద సూదులవంటి మొలకలు లేచి, అవతలి ధ్రువాన్ని తాకి, మంటలు పుట్టించేవి. 1985లో జపాను శాస్త్రజ్ఞుడు అకిరా యోషినో లోహానికి బదులు పెట్రోలియం కోక్ అనే కర్బనాన్ని పెట్టి ఆ గండం తప్పించాడు. 1991లో సోనీ కంపెనీ ఇటువంటి బాటరీని బజారులోకి తెచ్చింది. 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్‌లతోపాటు యోషినోకు నోబెల్ బహుమానం లభించింది.

తరువాత కోక్ స్థానంలో గ్రాఫైటు వచ్చింది. దానికీ ఒక హద్దు ఉన్నది. ఆరు కర్బన పరమాణువులు కలిస్తేగాని ఒక్క లిథియానికి చోటివ్వలేవు. అదే బరువుగల సిలికాన్ సుమారు పదిరెట్లు లిథియాన్ని ఇముడ్చుకుంటుంది. కాని లిథియం చేరితే ఉబ్బి మూడింతలకు పైగా పెరుగుతుంది, ఖాళీ కాగానే కుంచించుకుపోతుంది. చివరకు ఎండిన చెరువులా బీటలు వారుతుంది. విడిపోయిన ముక్కలకు విద్యుత్తు అందదు.

ఇక్కడ అక్కరకు వచ్చినవి కర్బన నానోగొట్టాలు. సోనీ బాటరీ వచ్చిన 1991లోనే, జపానులోనే, సుమియో ఇజిమా వీటిని గురించి ప్రకటించడం విశేషం. ఒకే పరమాణువు మందంగల కర్బన పొరను చాపలా చుట్టినట్లుంటాయివి. మన వెంట్రుక వీటికన్న వేల రెట్లు లావు. సులభంగా తెగవు, విద్యుత్తును చక్కగా మోస్తాయి. సిలికాన్‌లో కలిపితే, మట్టిగోడలోని గడ్డిపరకల్లా పగిలిన ముక్కలను పట్టి ఉంచుతాయి. ధనధ్రువంలోనూ ఇదివరకు మసిపొడి చేసే పనిని ఇవి మరింత తక్కువ పాళ్ళలోనే చేస్తాయి. మిగిలిన చోటు లిథియాన్ని దాచే పదార్థానికి దక్కుతుంది.

మంచిదే గదా అని మెండుగా వేయరాదు. మొదటి ఛార్జిలోనే ఋణధ్రువంలోని కర్బనంమీద సన్నని పొర కడుతుంది. అందుకు ఖర్చయిన లిథియం తిరిగి రాదు. నానోగొట్టాలకు ఉపరితలం ఎక్కువ కనుక ఆ నష్టమూ ఎక్కువే. అందుచేత సాధారణంగా నూటికి ఒక పాలో, అంతకన్న తక్కువో చాలు.

సిలికాన్‌కు కర్బనం తోడైన బాటరీలతో ఫోనులు ఇప్పటికే వచ్చాయి. వాటిలో నానోగొట్టాల పాత్ర పప్పులో ఇంగువవంటిది. చిటికెడు చాలు, గుప్పెడు వేస్తే చెడ్డది.