డేవిడ్‌ను ఎవరూ పట్టా అడగరు



మా హాస్టల్ రూంల ఈ మధ్య చిన్నపిల్లల సినిమాల మీద పెద్ద చర్చే నడిచింది. నవ్వకండి. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లు ఎక్కిన మొదటోళ్లం మేమే. చిన్నప్పుడు చూడని కార్టూన్లన్నీ ఇరవై ఏండ్లకు ఫోన్ల చూస్తున్నం.

'డేవిడ్ ది నోమ్' అని 1985లో స్పెయిన్ వాళ్లు తీసిన సీరియల్. మూలం ఒక డచ్ పుస్తకం. నోమ్ అంటే జానెడు కూడా లేని మనిషి. ఎర్ర టోపీ, తెల్ల గడ్డం, చెట్టు మొదట్లో ఇల్లు. నక్క మీద తిరుగుతూ దెబ్బ తగిలిన జంతువులకు వైద్యం చేస్తడు. 400 ఏండ్లు బతికి, ఆఖరికి భార్య లీసా, తను చెట్లయిపోతరు. ఆ ఎపిసోడ్‌కు మాలో ఇద్దరు ఏడ్చిన్రు కూడా.

మంచి సీరియలే. కానీ మాకొకటి గుచ్చుకుంది. మందుల గుణం తెలిసి, జంతువుల నడక తెలిసి, అడవిలోనే పుట్టి అడవిలోనే పోయేటోడు డేవిడ్ అయితే ముద్దొస్తడు. అదంతా తెలిసిన మా అవ్వ అయితే 'వెనుకబడినోళ్లు'. డేవిడ్‌ను ఎవరూ పట్టా చూపమనరు. మన దగ్గర 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. పోడు భూమి మీద మనల్ని అడిగే మొదటి మాట ఇప్పటికీ "కాగితం ఉందా?" అనే. ఇక తెలుగు సినిమాల్లో మనమెట్ల కనబడతమో చెప్పేదేముంది, ఆకులు చుట్టుకొని హీరోను గుంజకు కట్టేసి ఎగిరేటోళ్లం.

అందుకే మాకు జపాన్ సినిమా 'మై నైబర్ టొటోరో' ఎక్కువ నచ్చింది. 1988లో హయావో మియజాకి తీసిండు. అందులో కూడా అడవి జీవమే, బొద్దుగా, బూరు బూరుగా ఉంటది. కానీ దాని పక్కనే ఊరుంది, పొలాలున్నయి, పొరుగింటి అవ్వ ఉంది. చిన్నపిల్ల మెయి టొటోరోను చూసిన అంటే నాయిన కొట్టిపారెయ్యడు. బిడ్డలిద్దరినీ పెద్ద కర్పూర చెట్టు దగ్గరికి తీస్కపోయి తలవంచి దండం పెట్టిస్తడు. మన ఇండ్లల్ల జరిగేది అదే కదా! ఆ కథకు ఊపిరిపోసిన సయామా కొండల్లో జనం చందాలేసుకొని 1991 నుంచి అడవిని ముక్కముక్కగా కొంటున్నరు, టొటోరో అడవి అని పేరు పెట్టుకున్నరు.

మనకు ఊరిని కాచే అకిపేన్ ఉన్నడు. దండారి వస్తే నెమలి పింఛాల టోపీతో గుస్సాడీ ఊరూరు తిరుగుతడు. ఎర్ర టోపీని చూసి మురిసే మన ఆశ్రమ పాఠశాల పిల్లలు గుస్సాడీని చూసి 'వేషం' అంటే ఎట్ల? వాళ్లకు గోండిలో ఒక్క కార్టూనన్నా ఉండాలె. అందులో అడవి ఉంటే మనుషులు కూడా ఉండాలె, ఇల్లుతో, చేనుతో.

దీపావళి సెలవుల్ల ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క అవ్వ కథ రికార్డ్ చేసుకొద్దాం. మా రూంల బొమ్మలు గీసేటోడు ఒకడున్నడు. అయితే అకిపేన్‌ను ఎట్ల గీయాలె, అసలు గీయొచ్చా అనేది మాత్రం ఊళ్లె పటేల్‌ను, కటోడాను అడిగినంకనే.