అక్కన్నలందరూ మంత్రులేనా?

సిద్దిపేట జిల్లా అక్కన్నపేటకు ఆ పేరెలా వచ్చిందని అడగగానే, తానీషా కొలువులోని అక్కన్నను చూపించి చేతులు దులుపుకునే పండితులకు కొదవ లేదు. అక్కన్న మాదన్నలు నిజం. 1672లో తానీషా గద్దెనెక్కడం నిజం. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైందన్నదీ నిజమే. ఇన్ని నిజాల నడుమ ఒక ఊహను కూర్చోబెడితే అదీ నిజమైపోతుందా?

కాస్త వ్యాకరణం చూద్దాం. అక్క, అన్న కలిసి అకారసంధి చేత అక్కన్న అయింది. మల్లన్న, లింగన్న, రామన్నల వరుసలోనిదే ఇది. అక్కమ్మ, అక్కయ్య లేని పల్లె ఉందా? ఇక పేట అంటే కోట కాదు, అంగడి చుట్టూ పెరిగిన జనావాసం. కన్నడిగుల పేటె, తమిళుల పేట్టై దీని తోబుట్టువులే. ఈ సమాసంలో మంత్రిపదవిని సూచించే అక్షరం ఒక్కటీ లేదు. పైగా మెదక్ జిల్లాలో రామాయంపేట దగ్గర ఇంకో అక్కన్నపేట ఉంది, రైల్వే స్టేషనుతో సహా. ఆయన రెండూ కట్టించాడా?

బెజవాడ ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. అవి తొలిచినది ఆరు ఏడు శతాబ్దాలలో, ఆ సోదరులు పుట్టడానికి వెయ్యేళ్ళ ముందు! పేరున్నంత మాత్రాన పుట్టుక తెలిసినట్టు కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నార్వేలో కిటికీని ‘విందు’ అంటారు. (మన విందుభోజనంతో దానికి చుట్టరికం కలపబోయేరు సుమా!) పాత నార్స్ భాషలో అది ‘విందౌగ’, అంటే గాలికన్ను. ఇంగ్లీషు విండో అక్కడిదే. మన గవాక్షమేమో ఆవుకన్ను. ఔగ, అక్షి ఒకే మూలానికి చెందిన మాటలైనా, సమాసాలు దేనికది వేరుగా పుట్టాయి. విండో పుట్టుకను అందరూ ఎందుకు ఒప్పుకున్నారు? పదమూడో శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో నడిమి రూపాలు కళ్ళెదుట ఉన్నాయి గనుక.

మరి మనవారి చేతిలో ఏముంది? చెవికి ఒకేలా వినబడటం! 2016లో మండలకేంద్రమైన ఊరికి మంత్రి చిరునామా ఉంటే హుందాగా ఉంటుందన్న మోజు తప్ప మరేదీ నాకు కనబడదు. ఆ అక్కన్న ఏ రైతో, వర్తకుడో అయితే ఊరికి చిన్నతనమా? మంత్రిని నిలబెట్టడానికి అతణ్ణి చెరిపేయడం ఏ న్యాయం? ఒక్క శాసనం, ఒక్క సనదు చూపించండి, ఒప్పుకుంటాను. చూపలేనివారు ఈ మాటను పిల్లల పుస్తకాలలోకి ఎక్కించకుండా ఉంటే చాలు.